కోళ్ల సాల్మొనెల్లా మీద ఏ యాంటీబయోటిక్ పనిచేస్తుందో డిస్క్ పరీక్షతో తేల్చడం ఎలా?

డిస్క్ పరీక్ష అంటే, బ్యాక్టీరియా పూసిన ప్లేటు మీద మందు పట్టించిన చిన్న కాగితపు బిళ్లలు (డిస్కులు) పెట్టి, వాటి చుట్టూ బ్యాక్టీరియా పెరగని వలయం ఎంత వచ్చిందో కొలవడం. సాల్మొనెల్లా బ్యాక్టీరియా మనుషులకూ సోకుతుంది. అందుకే ఈ పరీక్షను జీవభద్రత రెండో స్థాయి ల్యాబ్‌లోనే, గ్లౌజులు, కోటు వేసుకుని చేయాలి.

ముందు బ్యాక్టీరియాను వేరుచేయండి. 25 గ్రాముల కోడిమాంసాన్ని 225 మి.లీ. బఫర్డ్ పెప్టోన్ వాటర్ అనే పోషక ద్రవంలో కలిపి 37 డిగ్రీల సెల్సియస్ దగ్గర 18 గంటలు ఉంచాలి. చలికి, వేడికి దెబ్బతిన్న కణాలు కోలుకునేది ఇక్కడే. ఈ మెట్టు దాటేస్తే, ఉన్న బ్యాక్టీరియా కూడా దొరకకపోవచ్చు. అందులోంచి 0.1 మి.లీ. తీసి సాల్మొనెల్లాను ఎంచి పెంచే రాపాపోర్ట్-వాసిలియాడిస్ సోయా ద్రవం 10 మి.లీ.లో వేసి, 41.5 డిగ్రీల దగ్గర 24 గంటలు ఉంచి, ఎక్స్‌ఎల్‌డీ అగార్ (సాల్మొనెల్లాను రంగుతో గుర్తుపట్టించే గట్టి పోషక పదార్థం) మీద గీయండి. నడుమ నల్లగా, చుట్టూ ఎర్రగా ఉన్న కాలనీలు మనకు కావలసినవి. రంగు చూసి తీర్పు ఇవ్వకండి, జీవరసాయన, సీరం పరీక్షలతో ఖాయం చేసుకోండి.

ఖాయమైన కాలనీని మామూలు న్యూట్రియెంట్ అగార్ మీద రాత్రంతా పెంచి, నాలుగైదు కాలనీలను సెలైన్‌లో కలపండి. మసక 0.5 మెక్‌ఫార్లాండ్ ప్రమాణానికి (మసకను పోల్చి చూసే కొలబద్ద) సరిపోవాలి, అంటే మి.లీ.కు సుమారు 10 నుంచి 20 కోట్ల కణాలు. ఎక్కువ చిక్కనైతే వలయాలు కుంచించుకుపోయి, మందుకు లొంగే బ్యాక్టీరియా కూడా మొండిదిగా కనిపిస్తుంది. పలచనైతే మొండిదే లొంగినట్టు కనిపిస్తుంది. ఈ రెండోది మరింత ప్రమాదం.

15 నిమిషాల్లోపు స్వాబ్ ముంచి, గొట్టం గోడకు ఒత్తి పిండి, 4 మి.మీ. మందం పోసిన, ఈ పరీక్షకు వాడే ముల్లర్-హింటన్ అగార్ మీద పూయండి. ప్లేటును 60 డిగ్రీల చొప్పున తిప్పుతూ మూడుసార్లు పూయాలి. అగార్ మందం పెరిగితే వలయం చిన్నదవుతుంది, కాబట్టి పోసేటప్పుడే కొలవండి.

డిస్కుల డబ్బాను ఫ్రిజ్ నుంచి తీసిన వెంటనే తెరవకండి, తేమ పడుతుంది. పూసిన అగార్ మీద డిస్కులు పెట్టండి, 90 మి.మీ. ప్లేటుకు ఐదుకు మించి వద్దు. ఒకసారి అంటుకున్న డిస్కును జరపకూడదు, మందు అప్పటికే అగార్‌లోకి దిగడం మొదలుపెడుతుంది. ప్లేటును బోర్లించి 35 డిగ్రీల దగ్గర 16 నుంచి 18 గంటలు ఉంచండి. ప్రతిసారీ పక్కన, ఫలితం ముందే తెలిసిన ప్రమాణ బ్యాక్టీరియా ఈ.కోలై ఏటీసీసీ 25922 ప్లేటు కూడా ఉండాలి. దాని వలయాలు పట్టికలోని పరిధి దాటితే ఆ రోజు ఫలితాలన్నీ పక్కన పెట్టేయాల్సిందే.

వలయాన్ని డిస్కుతో కలిపి అడ్డంగా కొలవండి. సీఎల్‌ఎస్‌ఐ (అమెరికాలోని ల్యాబ్ ప్రమాణాల సంస్థ) పట్టిక ప్రకారం 5 మైక్రోగ్రాముల సిప్రోఫ్లోక్సాసిన్‌కు 31 మి.మీ. లేదా ఎక్కువైతే లొంగినట్టు, 20 లేదా తక్కువైతే నిరోధకత. ఈ కొలత సాల్మొనెల్లాకు వేరుగా ఉంటుంది, ఈ.కోలై వరుస చూసి చదివే పొరపాటు తరచూ జరుగుతుంది. వలయం లోపల విడి కాలనీలు మొలిస్తే వాటిని వేరుచేసి మళ్లీ పరీక్షించండి. అది కల్తీ కావచ్చు, నిరోధకత వచ్చిన కణాలూ కావచ్చు.

రెండు చోట్ల డిస్క్ మాట నమ్మకండి. కొలిస్టిన్ అణువు పెద్దది, అగార్‌లో సరిగా పాకదు; దానికి బ్రాత్ మైక్రోడైల్యూషన్ (మందును పోషక ద్రవంలో వేర్వేరు మోతాదుల్లో పలచన చేసి చూసే పరీక్ష) చేయాలి. జెంటామైసిన్ లాంటి అమైనోగ్లైకోసైడ్లకు, మొదటి రెండు తరాల సెఫలోస్పోరిన్లకు వలయం పెద్దగా వచ్చినా, రోగి శరీరంలో అవి సాల్మొనెల్లా మీద పనిచేయవు. రిపోర్టులో వాటి ఎదురుగా ‘లొంగింది’ అని రాయకూడదు.