పిల్లల వేసవి నాటక శిబిరం: మొదలుపెట్టే ముందు చూసుకోవలసినవి

మే నెలలో సాధన ఉదయం 7 నుంచి 10:30 వరకే పెట్టుకోండి. రేకుల షెడ్డు ఎవరైనా ఉచితంగా ఇస్తామన్నా వద్దు. మంచినీళ్లు, మజ్జిగ, ఓఆర్‌ఎస్ పొట్లాలు సిద్ధంగా ఉండాలి.

ఉబ్బసం, మూర్ఛ, పడని తిండి లాంటి వివరాలు, ఇంటికి ఎవరు తీసుకువెళ్తారన్నది చేరిన రోజే రాయించుకోండి.

అసలు జాగ్రత్త రంగుల దగ్గర. ముఖానికి పూసే రంగును ముందురోజే మోచేతి లోపలివైపు కొద్దిగా రాసి చూడండి. దురద, దద్దుర్లు వస్తే దాన్ని పక్కన పెట్టేయాలి. మీసం అంటించే స్పిరిట్ గమ్‌కు నిప్పు ఇట్టే అంటుకుంటుంది, లేత చర్మం మీద మంట కూడా పుట్టవచ్చు. మీసం పెన్సిలుతో గీస్తే చాలు. భీముడు అప్పటికీ భీముడే. కత్తులు అట్టతో చేయించండి, మొనలు గుండ్రంగా కత్తిరించండి.

మైకు తీగలు కాళ్లకు తగలకుండా నేలకు టేపుతో అంటించాలి.

నాటకం రాసేది పిల్లలే, పెద్దలు కలం ముట్టుకోకూడదు. అయితే వాళ్లు ఇంటి గొడవలన్నీ పేర్లతో సహా రాసేస్తారు! ప్రదర్శనకు ముందు పేర్లు మార్పించండి. ఒకే పాత్రకు ఇద్దరు పోటీపడితే చీటీలు వేయండి. ఎవరినీ చెట్టుగా నిలబెట్టి వదిలేయకండి, చెప్పడానికి ఒక్క మాటైనా ఇవ్వండి.