యాస్ మరీనా హోటల్‌ను సందెవేళ ఫోటో తీయడం ఎలా

అబుదాబి యాస్ దీవిలోని ఈ హోటల్‌కు 2009లో తెరిచినప్పటి నుంచి పేర్లు మారుతూ వచ్చాయి. ఇప్పుడు డబ్ల్యూ అబుదాబి అంటున్నారు. కట్టడం మాత్రం అదే. డిజైన్ న్యూయార్క్‌కు చెందిన అసింప్టోట్ ఆర్కిటెక్చర్ సంస్థది. రెండు బ్లాకుల్లో ఒకటి ఫార్ములా వన్ ట్రాక్ లోపలి వైపున, ఇంకొకటి మరీనా నీళ్లలో నిలబడి ఉంటాయి. రెంటినీ కలిపే ఉక్కు వంతెన కింద నుంచి రేసు కార్లు దూసుకుపోతాయి. వీటన్నిటి మీదా వల కప్పినట్టు 217 మీటర్ల పొడవున ఉక్కు చట్రం, అందులో డైమండ్ ఆకారపు గాజు పలకలు 5 వేలకు పైగా ఉన్నాయి. రాత్రిపూట వాటి మీద ఎల్‌ఈడీ రంగులు మారుతుంటాయి.

మధ్యాహ్నం తీస్తే ఈ అందమేదీ ఫోటోలో పడదు. పై నుంచి పడే ఎండకు చట్రం బూడిదరంగు గీతల్లా కనిపిస్తుంది, ఆకాశం తెల్లగా కాలిపోతుంది. పూర్తిగా చీకటి పడ్డాక తీసినా లాభం లేదు. నల్లటి తెర మీద రంగు మచ్చలు మిగులుతాయి గానీ కట్టడం ఆకారం తెలియదు. మంచి సమయం సూర్యాస్తమయం తర్వాత 15వ నిమిషం నుంచి 30వ నిమిషం దాకా. అప్పుడు ఆకాశపు నీలమూ ఎల్‌ఈడీల వెలుగూ దాదాపు సమానంగా ఉంటాయి. అక్కడ డిసెంబర్ మొదట్లో సూర్యుడు 5:35 ప్రాంతంలో, జూన్‌లో 7:10 ప్రాంతంలో అస్తమిస్తాడు. గంట ముందే చేరుకుని చోటు చూసుకోండి. ఆ పావుగంటలో అటూ ఇటూ పరుగెడితే ఒక్క ఫోటో కూడా దక్కదు.

ఎంత దూరంలో నిలబడాలో చిన్న లెక్కతో తేలుతుంది. ఫుల్‌ఫ్రేమ్ కెమెరా (సెన్సర్ వెడల్పు 36 మి.మీ. ఉండేది) అయితే చట్రం పొడవు 217ను లెన్స్ మిల్లీమీటర్లతో గుణించి 36తో భాగించండి. కట్టడం మొత్తం ఎదురుగా అడ్డంగా ఫ్రేములో పట్టాలంటే 24 మి.మీ. లెన్స్‌కు సుమారు 145 మీటర్లు, 35కు 211, 50కి 300 మీటర్ల దూరం కావాలి. ఇది అంచుల దాకా నిండిపోయే దూరం కాబట్టి ఇంకో పదో వంతు వెనక్కి జరగండి. చాలా ఫోన్లలో ప్రధాన కెమెరా 24 మి.మీ.కు దగ్గరగా ఉంటుంది, వాటికీ ఇదే లెక్క. అల్ట్రావైడ్ పెట్టుకుని దగ్గరికి వెళ్తే మొత్తం పడుతుంది గానీ చివర్లు సాగిపోయి చట్రం వంపు వికృతంగా కనిపిస్తుంది.

అంత దూరం దొరికేది మరీనా నీళ్ల అవతలి గట్టున. గాలి లేకపోతే ప్రతిబింబం కూడా వస్తుంది. అయితే సాయంత్రం సముద్రపు గాలి వీస్తే నీళ్లు చెదిరిపోతాయి. 8 సెకన్లు షట్టర్ తెరిచి ఉంచితే నీళ్లు నున్నగా వస్తాయి. కానీ కట్టి ఉన్న పడవలు ఊగి మసకబారతాయి, పైగా అన్ని సెకన్లలో చట్రం మీది రంగులు మారి ఒకదానిలో ఒకటి కలిసిపోతాయి. ఈ కట్టడం దగ్గర ఎక్కువమంది పొరపడేది ఇక్కడే. రంగు తేటగా రావాలంటే షట్టర్ 1 సెకను దాటకూడదు. ట్రైపాడ్ మీద ఐఎస్‌ఓ (కాంతికి సెన్సర్ స్పందించే స్థాయి) 100, ఎఫ్8 (లెన్స్ రంధ్రం కొలత, అంకె పెరిగితే రంధ్రం చిన్నదవుతుంది), అర సెకనుతో మొదలుపెట్టండి. ఆకాశం చీకటయ్యే కొద్దీ షట్టర్ 1 సెకను దాకా పెంచి, అక్కడి నుంచి ఐఎస్‌ఓ పెంచుకుంటూ 400 దాకా వెళ్లండి. నున్నటి నీళ్లే కావాలనుకుంటే ఇంకో ఫోటో విడిగా తీసి ఇంట్లో కలుపుకోండి.

ఎల్‌ఈడీలతో ఇంకో చిక్కుంది. పలక మొత్తం నీలంగానో ఎర్రగానో వెలుగుతున్నప్పుడు మామూలు హిస్టోగ్రామ్ (ఫోటోలో చీకటి, వెలుగుల పాళ్లు చూపే గ్రాఫు) బాగానే ఉందంటుంది. విడివిడి రంగుల హిస్టోగ్రామ్ చూస్తే ఆ ఒక్క రంగు కుడి అంచుకు కొట్టుకుని, అంటే వెలుగు మితిమీరి ఉంటుంది. ఇంటికెళ్లాక ఆ పలకల్లో గాజు గీతలు, చట్రం కడ్డీలు ఏవీ ఉండవు, ముద్దగా రంగు మాత్రం ఉంటుంది. అందుకే ఎక్స్‌పోజర్ (ఫోటోలో పడే వెలుగు) ముప్పావు స్టాపు (ఒక స్టాపు తగ్గిస్తే వెలుగు సగమవుతుంది) తగ్గించి, కెమెరా మార్పులు చేయని రా ఫార్మాట్‌లో తీయండి. రంగుల ఛాయను సరిచేసే వైట్ బ్యాలెన్స్‌ను ఆటోలో వదలకుండా 4000 కెల్విన్ దగ్గర బిగించండి, లేకపోతే వరసగా తీసిన ఫోటోలు ఒకదానికొకటి పొంతన లేకుండా వస్తాయి. ఫోన్‌తో తీసేవాళ్లు చట్రం మీద తాకి, సూర్యుడి గుర్తును కిందికి లాగండి. నైట్ మోడ్ 1 సెకనుకు మించి తీసుకుంటానంటే ఆపేయండి.

కట్టడాన్ని కింద నుంచి చూడాలంటే ట్రాక్ మీదికే వెళ్లొచ్చు. రేసులు లేని వారాల్లో కొన్ని సాయంత్రాలు యాస్ మరీనా సర్క్యూట్‌ను నడిచేవాళ్లకు, పరుగెత్తేవాళ్లకు, సైకిల్ తొక్కేవాళ్లకు ఉచితంగా తెరుస్తారు. ముందే ఆన్‌లైన్‌లో పేరు నమోదు చేసుకోవాలి. స్త్రీలకు మాత్రమే కేటాయించిన రోజులూ ఉంటాయి, ఏ రోజన్నది మారుతుంటుంది కాబట్టి వెళ్లేముందు సర్క్యూట్ వెబ్‌సైట్ చూసుకోండి. మొత్తం ట్రాక్ పొడవు 5.281 కిలోమీటర్లు. హోటల్ భాగం చివరి సెక్టారులో (ట్రాక్‌ను మూడు భాగాలు చేస్తే ఆఖరిదాంట్లో) వస్తుంది. ట్రైపాడ్ ఇంట్లో పెట్టి, 16 నుంచి 20 మి.మీ. లెన్స్, ఐఎస్‌ఓ 1600, ఎఫ్4, 1/60తో చేత్తో తీయండి. సైకిళ్లు వచ్చే దారిలో ఆగొద్దు, పక్కకు జరిగి నిలబడండి. వంతెన అడుగుభాగం మధ్యగా నిలబడి పైకి చూస్తే చట్రం అంచు గోడలను తాకకుండా ఎలా దిగుతుందో స్పష్టంగా కనిపిస్తుంది. షట్టర్ 1/250 దాటితే ఎల్‌ఈడీల మిణుకు వల్ల నల్లటి చారలు పడే ప్రమాదముంది, ముఖ్యంగా ఎలక్ట్రానిక్ షట్టర్‌తో.

హోటల్లో దిగితే బాగా తీయొచ్చనుకుంటారు. గదిలోంచి హోటల్ కనిపించదు కదా! ట్రాక్ మాత్రం బాగా కనిపిస్తుంది, అదీ ట్రాక్ వైపు గది అయితేనే. డబ్బు కట్టేముందు ఏ బ్లాకు, ఏ వైపు అని రాతపూర్వకంగా అడగండి. అద్దంలోంచి తీసేటప్పుడు దీపాలన్నీ ఆర్పి, లెన్స్ చుట్టూ నల్లబట్ట చుట్టి అద్దానికి ఆనించండి. ఏసీ గదిలోంచి కెమెరాను ఒక్కసారిగా బయటికి తెస్తే తేమకు లెన్స్ మసకబారుతుంది. తుడిస్తే మళ్లీ వస్తుంది. బ్యాగు జిప్ తీయకుండా అరగంట బయట ఉంచితే సరిపోతుంది.

అనుమతుల సంగతి తేలిగ్గా తీసుకోవద్దు. అనుమతి లేకుండా డ్రోన్ ఎగరేయడం, తెలియనివాళ్లను అడగకుండా ఫోటో తీయడం అక్కడ చట్టరీత్యా నేరాలు. మనవాళ్లకు ఇష్టమైన ప్రీవెడ్డింగ్ షూట్లకు కూడా ముందే హోటల్ అనుమతి తీసుకోండి. లైటు స్టాండ్లు, పట్టుచీరలతో దిగాక అడిగితే సిబ్బంది అక్కడే ఆపేసే అవకాశం ఎక్కువ.

గ్రాండ్ ప్రి, అంటే ఫార్ములా వన్ పోటీ రోజున రేసు అక్కడి సమయం సాయంత్రం 5 గంటలకు, మన సమయం 6:30కు మొదలవుతుంది. ట్రాక్ ఫ్లడ్‌లైట్లు చట్రం కన్నా చాలా కాంతిమంతంగా ఉంటాయి కాబట్టి హోటల్‌ను, ట్రాక్‌ను ఒకే ఎక్స్‌పోజర్‌లో పట్టాలంటే సూర్యాస్తమయం తర్వాతి తొలి ల్యాపుల్లోనే వీలవుతుంది. కంచె అడ్డొస్తే లెన్స్‌ను దానికి వీలైనంత దగ్గరగా పెట్టి ఎఫ్2.8 లేదా 4తో తీయండి, తీగలు కరిగిపోతాయి. గెలిచిన కారు గీత దాటాక బాణసంచా మొదలవుతుంది. దానికి ఐఎస్‌ఓ 100, ఎఫ్11, 2 సెకన్లు. మొదటి నిమిషంలోనే తీసేయండి, తర్వాత పొగ కమ్మేస్తుంది.