సర్ఫింగ్ స్వయంగా నేర్చుకుందాం - 3వ పాఠం: మొదటి బోర్డు

అంతర్వేదిలో గోదావరి పాయ వశిష్ఠ సముద్రంలో కలిసేచోటు వంటి సంగమాల దగ్గర సాధన వద్దని గత పాఠంలో చెప్పుకున్నాం. పేరుపాలెం వంటి తిన్నని తీరంలో, నడుము లోతు దాటకుండా, తోడు ఒకరు ఒడ్డున ఉండగా నేర్చుకుంటారన్న లెక్కతోనే ఈ పాఠం.

బోర్డు కొనేవాళ్లు ముందుగా పొడవు అడుగుతారు, ఆ తర్వాత రంగు. అడగవలసింది లీటర్లు. బోర్డు పూర్తిగా మునిగితే ఎంత నీటిని పక్కకు నెడుతుందో ఆ సంఖ్య చెబుతుంది. లీటరు మంచినీరు కిలో తూగితే, ఉప్పునీరు పాతిక గ్రాములు ఎక్కువ తూగుతుంది. అంటే ఆరు కిలోల బరువున్న 70 లీటర్ల బోర్డు సుమారు 65 కిలోల మనిషిని మునగకుండా మోస్తుంది. మోస్తే చాలదు. మీరు బోర్లా పడుకుని చేతులతో నీటిని తోస్తున్నప్పుడు బోర్డు పైకి తేలి జారాలి. అందుకే మీ బరువు ఎన్ని కిలోలో, దానికి కనీసం 20 కలిపి అన్ని లీటర్లు చూసుకోండి. 65 కిలోలవారికి 85 లీటర్లు, అంటే దాదాపు 9 అడుగుల బోర్డు. వీడియోల్లో కనిపించే 6 అడుగుల మొనదేలిన బోర్డులో 30 లీటర్లకు అటూ ఇటూ ఉంటాయి. దాని మీద ఆశ ఇప్పటికి వదులుకోండి.

మన తీరంలో ఈ లెక్క ఇంకా గట్టిగా పట్టుకోవాలి. గోదావరి మేటవేసిన ఒండ్రు వల్ల చాలాచోట్ల సముద్రం అడుగు మెల్లగా లోతవుతుంది. అల దూరంలోనే విరిగి, ఒడ్డుకు వచ్చేసరికి ఊపు తగ్గి నురగగా మారుతుంది. ఆ నురగ మిమ్మల్ని ముందుకు నెట్టాలంటే బోర్డు వెడల్పుగా, మందంగా ఉండాలి. 22 అంగుళాలకు తక్కువ వెడల్పు ఉన్నది ఎంత చవకగా వచ్చినా వద్దు.

ఇక దేనితో చేసినది కొనాలి? సందేహం లేకుండా ఫోమ్ బోర్డు. లోపల థర్మోకోల్, పైన మెత్తటి ఫోమ్ పొర, అడుగున నున్నని ప్లాస్టిక్ రేకు ఉంటాయి. పడినప్పుడు తలకు తగిలినా గట్టి బోర్డంత దెబ్బ కాదు. బోర్డు అడుగున వెనకవైపు ఉండే చిన్న రెక్కలు, అంటే ఫిన్లు కూడా మెత్తనివే ఎంచుకోండి.

పాత బోర్డు కొంటే మాత్రం తొందరపడవద్దు. ఎండలో పెట్టి, అరచేతితో పైభాగమంతా నొక్కుతూ పొండి. ఎక్కడైనా పొర లేచి, కింద ఖాళీగా కదిలితే అక్కడ అతుకు వదిలిందన్నమాట. తర్వాత ఫిన్లు బిగించిన చోట, అంచుల వెంట బొటనవేలితో గట్టిగా నొక్కండి. తడి ఊరితే లోపలికి నీరు దిగిందని అర్థం. ఆ బోర్డు రోజురోజుకూ బరువెక్కుతుంది. అమ్మేవారు "ఆరబెడితే పోతుంది" అంటారు. నమస్కారం పెట్టి వచ్చేయండి.

చిన్న పగులైతే ఊళ్లో ఫైబర్ పడవలు బాగుచేసేవారున్నారుగా అనిపిస్తుంది. చేయి తిరిగినవాళ్లే, కానీ పడవలకు సాధారణంగా వాడేది పాలిస్టర్ రెసిన్ అనే, ఆరాక గట్టిపడే జిగురు ద్రవం. అందులోని స్టైరీన్ అనే రసాయనం థర్మోకోల్‌ను కరిగించేస్తుంది. పారేసిన థర్మోకోల్ ముక్క మీద ఒక చుక్క వేయించి చూడండి, కళ్లముందే గుంటపడి కుంగిపోతుంది. థర్మోకోల్ ఉన్న బోర్డుకు ఎపాక్సీ రెసిన్ మాత్రమే వాడాలి. డబ్బా మీద పేరు చదివాకే పని అప్పగించండి.

ఇంటికి తెచ్చుకోవడం కూడా ముందే ఆలోచించాలి. 9 అడుగుల బోర్డు బస్సులో పట్టదు. నరసాపురం నుంచి సఖినేటిపల్లికి పంటు (రేవు దాటించే పడవ) మీద దాటేవాళ్లు దాన్ని నిలబెట్టి పట్టుకోకండి, గాలి విసురుకు మనిషినే తిప్పేస్తుంది. పడుకోబెట్టండి. రోళ్లు పగిలే రోహిణి కార్తె ఎండలో ఇసుక మీద వదిలేస్తే లోపలి గాలి వ్యాకోచించి పొర బుడగలెత్తుతుంది. కొబ్బరిచెట్ల నీడ మనకు కరువు కాదు, వాడుకోండి.

అమ్మకపు ప్రకటనలో లీటర్లు లేకపోతే పొడవు, వెడల్పు, మందం సెంటీమీటర్లలో కొలిచి మూడింటినీ గుణించి 1000తో భాగించండి. చివరలు సన్నబడతాయి కాబట్టి వచ్చినదానిలో 60 శాతం తీసుకోండి. ఉజ్జాయింపుకు ఇది చాలు.

అభ్యాసం: 244 సెం.మీ. పొడవు, 56 సెం.మీ. వెడల్పు, 8 సెం.మీ. మందం ఉన్న ఫోమ్ బోర్డు అమ్మకానికి ఉంది. 60 కిలోల అక్క, 45 కిలోల తమ్ముడు దాన్ని పంచుకోవాలనుకుంటున్నారు. ఎవరికి సరిపోతుంది? జవాబుతో పాటు, కాలికి కట్టుకునే లీష్ తాడు ఎంత పొడవుండాలో నాలుగో పాఠంలో చూద్దాం.