పిల్లల బర్త్‌డే పార్టీకి ముందు టైమ్ చూసుకోండి

పార్టీ ఖర్చు తగ్గాలంటే డెకరేషన్ సంగతి తర్వాత, ముందు టైమ్ చూసుకోండి. మధ్యాహ్నం 3 నుంచి 5 వరకు అని పిలిచేటప్పుడే చెప్పేస్తే అది భోజనాల వేళ కాదు కాబట్టి కేకు, కాస్త చిరుతిండితో సరిపోతుంది, పైగా రెండు గంటలు దాటితే చిన్నపిల్లలు ఎలాగూ పేచీ మొదలెడతారు. ఆటలకు ఏమీ కొనక్కర్లేదు. పాట పెట్టండి, అది ఆగగానే పిల్లలు పాత పేపర్ మీద నిలబడాలి, ప్రతిసారీ దాన్ని సగానికి మడవాలి, చివరికి ఒంటికాలి మీద ఊగుతూ పడిపోతుంటే పెద్దవాళ్లకే నవ్వాగదు. రిటర్న్ గిఫ్టులు చేతికివ్వకుండా ఇంట్లో దాచి, చీటీల్లో క్లూలు రాసి వెతికించండి, అదింకో ఆట. బెలూన్ పగిలితే మాత్రం ముక్కలు వెంటనే ఏరేయండి, చిన్నవాళ్లు నోట్లో పెట్టుకుంటే గొంతుకు అడ్డం పడతాయి.