పదకొండు, పన్నెండు తరగతుల విద్యార్థులకు వాదవ్యాసం నేర్పడం ఎలా

పదహారు, పదిహేడేళ్ల విద్యార్థులకు అభిప్రాయాలకు కొదవ ఉండదు. ఒక అంశం ఇచ్చి అరగంటలో వ్యాసం రాయమంటే రెండు పేజీలు అవలీలగా నింపుతారు. కానీ ఆ పేజీల్లో తరచు ఒకే మాట నాలుగు విధాలుగా తిరగరాసి ఉంటుంది. ఆ మాటను ఒప్పుకోని పాఠకుడు ఏమంటాడో, అతనికి ఏం చెప్పాలో రాసినవారికి తోచి ఉండదు. ఈ లోపం రచనలో బయటపడుతుంది గాని దాని మూలం పఠనంలో ఉంది. ఇతరుల వాదన ఏ ఆధారాల మీద నిలబడిందో విప్పి చూడటం అలవాటు లేనివారికి తమ వాదనను నిలబెట్టడం తెలియదు. కాబట్టి పఠనాన్నీ రచననూ వేరువేరు పాఠాలుగా కాక, పఠనంతో మొదలై రచనలోకి సాగే ఒకే పాఠంగా నేర్పాలి.

ముందుగా పాఠ్యాన్ని జాగ్రత్తగా ఎంచుకోవాలి. ఒక పీరియడులో రెండు మూడు సార్లు చదవడానికి వీలైనంత చిన్నదిగా, రచయిత ఒక పక్షం వహించి కారణాలు చెప్పినదిగా ఉండాలి. అదే అంశం మీద భిన్నాభిప్రాయం ఉన్న మరో వ్యాసాన్ని దానికి జతగా ఇస్తే మరీ మంచిది. పరిసరాలు శుభ్రంగా ఉండాలి, పెద్దలను గౌరవించాలి వంటి, ఎవరూ కాదనని విషయాలు ఇందుకు పనికిరావు, ఎందుకంటే అవతలి పక్షం లేని చోట వాదనకు తావుండదు. విద్యార్థుల విశ్వాసాలతో, కుటుంబ గౌరవంతో ముడిపడిన విషయాలను కూడా తొలి వారాల్లో పక్కన పెట్టడమే మేలని నా అభిప్రాయం. పద్ధతి ఇంకా చేతికి రాకముందే ఆత్మరక్షణకు దిగవలసి వస్తే విద్యార్థి పద్ధతిని నేర్చుకోలేడు.

మొదటిసారి పెన్ను పట్టుకోకుండా చదివించి, రచయిత ఏమంటున్నాడో ఒక్క వాక్యంలో చెప్పమనాలి. రెండోసారి ప్రతి పేరా పక్కన, ఆ పేరా ఏం చెబుతోందో కాక, వాదనలో ఏ పని చేస్తోందో రాయించాలి. ‘సమస్యను పరిచయం చేస్తోంది’, ‘ఒక ఉదాహరణతో నమ్మకం కలిగిస్తోంది’, ‘ఎదుటివారి అభ్యంతరాన్ని ఎత్తి చూపి జవాబిస్తోంది’ వంటి చిన్న మాటలు చాలు. విద్యార్థులు మొదట్లో దీనికి తడబడి సారాంశమే రాస్తారు. ఓపికగా మళ్లీ అడగాలి. వ్యాసం ఒక నిర్మాణమనీ, ఒక పేరాను తీసేస్తే ఏది కూలుతుందో చెప్పవచ్చనీ వారికి అర్థమయ్యేది ఈ అభ్యాసంతోనే. ప్రశ్నలు, అనుమానాలు, అభ్యంతరాలు మూడోసారి చదివేటప్పుడు రావాలి, అంతకుముందు కాదు.

విమర్శకు దిగేముందు ఒక షరతు పెట్టాలి: రచయిత ఎదురుగా కూర్చుని వింటే ‘అవును, నేను చెప్పింది ఇదే’ అని ఒప్పుకునేలా అతని వాదనను విద్యార్థి తన మాటల్లో చెప్పగలగాలి. భారతీయ దర్శన గ్రంథాలలో సిద్ధాంతాన్ని స్థాపించే ముందు పూర్వపక్షాన్ని, అంటే ఎదుటివారి వాదాన్ని, సమగ్రంగా ప్రతిపాదించే ఆచారం ఇదే క్రమశిక్షణ నుంచి వచ్చింది. వాటిలో తర్కానికి ప్రాధాన్యమిచ్చే న్యాయ దర్శనం చర్చను వాదం, జల్పం, వితండం అని మూడుగా విభజించింది. సత్యనిర్ణయం కోసం జరిగేది వాదం, గెలుపు కోసం జరిగేది జల్పం, తన పక్షమంటూ ఏదీ నిలబెట్టకుండా ఎదుటి పక్షాన్ని ఖండించడానికే జరిగేది వితండం. ఈ విభజనను తరగతిలో వివరించి, విద్యార్థులు చూసిన టీవీ చర్చల్లో ఏది ఏ కోవకు చెందుతుందో చెప్పమంటే, తాము రాయబోయేది ఏ రకమో వారే గుర్తిస్తారు.

నా దృష్టిలో మొత్తం బోధనలో అత్యధిక సమయం ఇవ్వవలసినది ఆధారానికీ ప్రతిపాదనకూ మధ్య ఉండే, సాధారణంగా ఎవరూ పైకి చెప్పని లంకెకు. తత్వవేత్త స్టీఫెన్ టూల్మిన్ 1958లో వాదనను భాగాలుగా విడదీసి చూపినప్పుడు ఈ లంకెకు ప్రత్యేక స్థానం ఇచ్చాడు. ఒక ఉదాహరణ తీసుకుందాం. ‘పరీక్షల రోజుల్లో కళాశాల గ్రంథాలయంలో కూర్చోవడానికి చోటు దొరకడం లేదు, కాబట్టి దాన్ని రాత్రి పది గంటల వరకు తెరిచి ఉంచాలి’ అని ఒక విద్యార్థి రాశాడనుకోండి. చోటు దొరకడం లేదన్నది ఆధారం, రాత్రి తెరవాలన్నది ప్రతిపాదన. రెంటినీ కలుపుతున్నది, సమయం పెంచితే రద్దీ తగ్గుతుందనే ఊహ. ఆ ఊహ పైకి రాగానే దాన్ని పరీక్షించే ప్రశ్నలు వాటంతటవే పుడతాయి. పగలు వచ్చేవారిలో కొందరైనా రాత్రికి మారతారా? ఇల్లు దూరమైనవారు అంతసేపు ఉండగలరా? అసలు కొరత సమయానిదా, కుర్చీలదా? కుర్చీలదే అయితే అదే ఆధారం పూర్తిగా వేరొక ప్రతిపాదనకు, అంటే మరో గదిని చదువుకోవడానికి కేటాయించాలన్న దానికి, దారి తీస్తుంది. ఒకే ఆధారం నుంచి రెండు వేర్వేరు ముగింపులు రావడం చూసిన విద్యార్థి ‘ఆధారం చూపాను కదా’ అని ఇక ఆగిపోడు.

ఈ లంకెను బయటికి లాగడానికి ‘అయితే ఏమిటి?’, ‘ఏం నమ్మితే ఈ కారణం సరిపోతుంది?’ అనే రెండు ప్రశ్నలను జంటలుగా కూర్చున్న విద్యార్థులు ఒకరినొకరు అడుగుకోవాలి. న్యాయ దర్శనంలోని ఐదు అవయవాల (భాగాల) అనుమాన వాక్యాన్ని, అంటే కనబడేదాని నుంచి కనబడనిదాన్ని నిర్ధారించే వాక్యాన్ని కూడా ఇక్కడ పరిచయం చేయవచ్చు. కొండ మీద నిప్పు ఉందనేది ప్రతిజ్ఞ. పొగ ఉండటం హేతువు. పొగ ఉన్న చోటల్లా నిప్పు ఉంటుంది, వంటింట్లో లాగా అనేది ఉదాహరణ. ఈ కొండ మీదా అలాంటి పొగే ఉందనడం ఉపనయం. కాబట్టి నిప్పు ఉందనడం నిగమనం. మన విద్యార్థుల వ్యాసాలలో ఎప్పుడూ లోపించేది మూడో వాక్యంలోని ఆ సాధారణ సూత్రమే.

ఆధారాలను తూచడం తరువాతి మెట్టు. ‘ప్రమాదాలు రెట్టింపయ్యాయి’ అన్న వాక్యం కనబడితే ఎంత నుంచి ఎంతకు అని అడగడం అలవాటు చేయాలి. రెండు నాలుగైనా, రెండు వేలు నాలుగు వేలైనా రెట్టింపే. రెండు విషయాలు కలిసి పెరిగినంత మాత్రాన ఒకటి రెండోదానికి కారణం కాదని చెప్పి ఊరుకోకుండా, రెండింటినీ పెంచగల మూడో కారణాన్ని ఊహించి రాయమనాలి. ఇంటర్నెట్‌లో దొరికిన సమాచారానికి వేరే పద్ధతి కావాలి. స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయానికి చెందిన శామ్ వైన్‌బర్గ్, సారా మెగ్రూ 2017లో వెలువరించిన అధ్యయనంలో చరిత్రకారులు, విద్యార్థులు, వృత్తిరీత్యా వార్తల నిజానిజాలు తేల్చేవారు వెబ్‌సైట్లను ఎలా అంచనా వేస్తారో పోల్చి చూశారు. చరిత్రకారులూ విద్యార్థులూ చాలావరకు ఆ పేజీలోనే ఉండి, దాని రూపాన్నీ భాషనూ చూసి తరచు మోసపోయారు. నిజానిజాలు తేల్చేవారు మాత్రం వెంటనే పేజీని వదిలి, కొత్త ట్యాబులు తెరిచి, ఆ సంస్థ గురించి ఇతరులు ఏమంటున్నారో వెతికి, తక్కువ సమయంలో సరైన నిర్ణయానికి వచ్చారు. శ్రద్ధగా చదవడం ఎంత ముఖ్యమో, ఏది శ్రద్ధకు తగినదో ముందే తేల్చుకోవడమూ అంతే ముఖ్యమని విద్యార్థికి ఈ అభ్యాసం చేయించి చూపాలి.

రచనను పూర్తి వ్యాసంతో కాక ఒక్క పేరాతో మొదలుపెట్టాలి. పేరాలో ఒక ప్రతిపాదన, ఒక ఆధారం, ఆ ఆధారం ప్రతిపాదనను ఎందుకు బలపరుస్తుందో చెప్పే వివరణ ఉండాలి. వివరణ ఆధారం కన్నా పొడవుగా ఉండాలని నియమం పెట్టినా తప్పులేదు. ప్రతిపాదనకు ఒక పరీక్ష ఉంది: ఆలోచనాపరుడైన మనిషి ఎవరైనా దాన్ని కాదనగలడా? ‘గ్రంథాలయాలు విద్యార్థులకు ఉపయోగపడతాయి’ అన్నది ఈ పరీక్షకు నిలవదు. ‘కొత్త పుస్తకాలు కొనడం కన్నా గ్రంథాలయ వేళలు పెంచడానికి ముందు ఖర్చు పెట్టాలి’ అన్నది నిలుస్తుంది. ‘అందరూ’, ‘ఎప్పుడూ’, ‘ఏ మాత్రం’ వంటి మాటలు ఉన్న చోట, తన వద్ద ఉన్న ఆధారం ఎంతవరకు చెల్లుతుందో అంతవరకే మాటను కుదించుకోవడం నేర్పాలి. అలా కుదించుకుంటే వాదన బలహీనపడుతుందని విద్యార్థులు భయపడతారు. నిజానికి ఖండించడానికి కష్టమయ్యేది ఆ కుదించిన మాటే.

ఎదుటివారి అభ్యంతరాన్ని విద్యార్థి తానే కల్పించుకుంటే, సులభంగా కూలిపోయేదాన్ని కల్పించుకుంటాడు. అందుచేత దాన్ని పక్కనున్న సహాధ్యాయి చేత రాయించాలి, ఆ సహాధ్యాయికి ‘నీవు నిజంగా నమ్మగలిగిన అభ్యంతరమే రాయి’ అని చెప్పాలి. జవాబు మూడు విధాలుగా ఉండవచ్చు: అభ్యంతరం తప్పని నిరూపించడం, అందులోని నిజాన్ని ఒప్పుకుంటూనే తన కారణాలు ఎందుకు ఎక్కువ బరువైనవో చూపడం, లేదా తన ప్రతిపాదననే సవరించుకోవడం. మూడోది ఓటమి కాదని, పైగా ఎక్కువ మార్కులకు అర్హమని ముందే ప్రకటించకపోతే ఎవరూ దాని జోలికి పోరు.

తర్కదోషాల జాబితాను మొదట్లో ఇవ్వకపోవడం మంచిది. పేర్లు నేర్చుకున్న విద్యార్థి వాదనను అర్థం చేసుకోవడం మాని దానికి పేరు పెట్టి కొట్టివేయడానికి పూనుకుంటాడు. రాసిన పేరాలో దోషం ఎదురైనప్పుడే దాని పేరు చెప్పవచ్చు.

పరిచయం, మూడు కారణాలు, ముగింపు అనే ఐదు పేరాల నమూనా తొలి అడుగులకు ఊతమిస్తుంది, కానీ కారణాలు ఎల్లప్పుడూ మూడే ఉండవు, సమాన బరువుతోనూ ఉండవు. రెండో కారణం మొదటిదాని మీద ఆధారపడితే ఆ క్రమం మార్చరాదని, ఒకే బలమైన కారణానికి నాలుగు పేరాలు కేటాయించవచ్చని రెండు మూడు వ్యాసాల తరువాత చెప్పి నమూనాను వదిలించాలి.

దిద్దుబాటు తుది ప్రతి మీద కాక చిత్తుప్రతి మీద జరగాలి, ఎందుకంటే మార్కులు వేసేసిన కాగితం మీది వ్యాఖ్యలు ఆచరణలోకి రావడం అరుదు. ఒక్కో ప్రతి మీద రెండు వ్యాఖ్యలకు మించకుండా, అవి కూడా ‘ఈ ఉదాహరణ ఒక్కటే దీన్ని నిరూపిస్తుందా?’ వంటి ప్రశ్నల రూపంలో రాయాలి. అక్షరదోషాలు వాదన కుదురుకున్న తరువాతి విడతకు వదిలేయవచ్చు. తిరగరాసిన ప్రతితోపాటు ఏది మార్చారో, ఎందుకు మార్చారో ఒక పేరాలో రాసి జతచేయమని అడిగి, దానికీ మార్కులు కేటాయించాలి. విద్యార్థి ఏ పక్షం తీసుకున్నాడన్నదానికి మాత్రం మార్కులు కలపడం గాని తగ్గించడం గాని ఉండదని తొలిరోజే చెప్పి, అధ్యాపకుని అభిప్రాయానికి విరుద్ధంగా వాదించిన ఒక మంచి వ్యాసాన్ని తరగతిలో బిగ్గరగా చదివించాలి.