కథ పోస్ట్ చేసేముందు తప్పులు ఎలా దిద్దుకోవాలి?

కావాల్సినవి: కథ ప్రింటౌట్, ఎర్ర పెన్ను, డౌటొస్తే చూసుకోడానికి ఆంధ్రభారతి నిఘంటువు. ఫోన్లోనే దిద్దుకుంటా అంటే కుదరదు, ప్రింట్ తీయాల్సిందే.

రాసింది రెండ్రోజులు పక్కన పడేసి, మొదటి రౌండులో ఒత్తులు చూడండి. భాద కాదు బాధ, విధ్యార్ధి కాదు విద్యార్థి. చేశాడు అనే రాయాలి, చేసాడు వద్దు, దీని మీద వాదించకండి. డైలాగుల్లో యాస జోలికి మాత్రం పోవద్దు, కరీంనగర్ ముసలమ్మ "గట్ల జేస్తవేంది బిడ్డా" అంటే అది తప్పు కాదు, దాన్ని దిద్దడం తప్పు.

అసలు తలనొప్పి రెండో రౌండు. ఇక్కడ దొరకాల్సినవి ఎలాంటివంటే, తప్పుగా పడింది కూడా ఒక సరైన మాటే అయ్యుంటుంది. "ఆమె కల్లు చూసి మత్తెక్కిపోయాడు" అని రాస్తారు, మంచి రొమాంటిక్ సీను. ఇంగ్లీషు అక్షరాలతో తెలుగు కొట్టే పద్ధతుల్లో చాలావాటికి షిఫ్ట్ నొక్కితేనే ళ వస్తుంది, తొందర్లో ఎవడూ నొక్కడు, స్పెల్‌చెక్ కూడా నోరెత్తదు ఎందుకంటే కల్లు అనే మాట ఉంది కదా. చదివేవాడికి మాత్రం తాటిచెట్టూ ముంతా కనపడతాయి, ఇంక మీ హీరోయిన్ని సీరియస్‌గా తీసుకోడు. ఇంకో కథలో హీరోయిన్ స్టేజీ ఎక్కి "అద్భుతంగా పడింది", జనం చప్పట్లు కొట్టారు. ఒక్క దీర్ఘం!

దీనికంటే డేంజర్ క్రియల చివర్లు. మనం కర్త చెప్పకుండానే వాక్యాలు లాగించేస్తాం కాబట్టి ఎవరు చేశారో చెప్పేది ఆ చివరే. హీరో వాళ్ల నాన్న ఒక లైన్లో "వచ్చాడు", తర్వాతి లైన్లో "కూర్చున్నారు" అంటే ఇంకెవరన్నా వచ్చారా అని పాఠకుడు పైకెళ్లి వెతుక్కుంటాడు. "నేను" అని మొదలైన కథ మధ్యలో "తలుపు తీశాడు" అయిపోతే, అదీ సస్పెన్స్ కథలో, పాఠకుడు దాన్ని క్లూ అనుకుని చివరిదాకా ఆ మనిషి కోసం చూస్తాడు, పాపం.

అందుకే చివరి పేరా నుంచి మొదటికి రండి, గట్టిగా చదువుతూ. వరసలో చదివితే కథ మీకు ముందే తెలుసు కాబట్టి కాగితం మీద లేనిది కూడా చదివేసుకుంటారు. ప్రతి క్రియ దగ్గరా ఆగి "ఎవరు?" అని అడిగి, పేరు పెన్నుతో పైన రాయండి. విసుగే, కానీ స్పీడు పెంచారో మళ్లీ మొదలుపెట్టాల్సిందే. ళ పలకడం అలవాటు లేనివాళ్లకి నోటితో తేడా తెలీదు, వాళ్లు వేలు పెట్టి అక్షరం అక్షరం చూసుకోవాలి.

ఫ్రెండుకిస్తే సరిపోదా అంటారు, వాడు "సూపర్ రా" అంటాడు అంతే. ఏఐకి ఇస్తే ముసలమ్మ చేత న్యూస్‌పేపర్ తెలుగు మాట్లాడిస్తుంది.

దిద్దినవన్నీ ఎక్కించాక పాత్రల పేర్లు ఫైండ్‌లో కొట్టి చూడండి, సౌజన్య మధ్యలో సౌజన్యా అయిపోకూడదు. టైటిల్ కూడా చూసుకోండి, దాన్ని ఎవరూ దిద్దరు.