సునాబెడ నుంచి సాలూరుకు: ఘాట్‌లో బండి దించడం

కోరాపుట్, సునాబెడ, పొట్టంగి మీదుగా సాలూరు వెళ్లే 26వ జాతీయ రహదారిలో బైకుకు అసలు పరీక్ష సుంకి ఘాట్ దిగడమే.

టైర్లు చల్లగా ఉన్నప్పుడే గాలి చూసుకోండి. వెనక మనిషి ఉంటే బండి మీది స్టిక్కర్‌లో ఇద్దరికి రాసిన లెక్కే పట్టించాలి. చైను చాలా బళ్లలో 25–30 మిల్లీమీటర్లు ఆడాలి. బిగించేస్తే బరువు పడ్డప్పుడు గేర్‌బాక్స్ బేరింగును లాగేస్తుంది.

ఏ గేరులో ఎక్కుతారో ఆ గేరులోనే దిగండి, రెండో, మూడో. న్యూట్రల్‌లో పెట్రోలు మిగిల్చుకోవడం తెలివి కాదు, ఇంజన్ పట్టు పోయి భారమంతా బ్రేకుల మీదే పడుతుంది. బ్రేకు ఒత్తిపట్టి ఉంచితే దాని ఫ్లూయిడ్ (డిస్కు బ్రేకును పనిచేయించే ద్రవం) మరిగి బుడగలు కడుతుంది, బ్రేకు లివరు మెత్తబడి హ్యాండిల్ దాకా వచ్చేస్తుంది. పాత ఫ్లూయిడ్ తేమ పీల్చుకుని ఇంకా తొందరగా మరుగుతుంది, అందుకే రెండేళ్లకోసారి మార్పించాలి. లివరు మెత్తబడితే ఆపి, పూర్తిగా చల్లారనివ్వండి. నీళ్లు మాత్రం పోయకండి, డిస్కు వంకర పోతుంది.

మలుపుకు ముందే వేగం తగ్గించి హారన్ కొట్టండి, ఎక్కే లారీ మీ వైపుకే తిరుగుతుంది. చలికాలం పొద్దున్న మంచులో హైబీమ్ వేస్తే తెల్లగోడే కనిపిస్తుంది, లోబీమ్ చాలు.

స్పేర్ క్లచ్ కేబుల్ మరవకండి.